క్లోజప్పు మీకు, ఏరియల్ షాటు మాకు

2021 నవంబర్ 19. కార్తీక పౌర్ణమి. పొద్దు పొడిచే వేళకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట పక్కన పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు మీద చెయ్యేరు విరుచుకుపడింది. ఇళ్లు పోయాయి. గొడ్లు పోయాయి. మనుషులు పోయారు. పొలాల్లో ఇసుక మేటలు మిగిలాయి.

ఆరోజు టీవీలో మీరేం చూశారు? గుర్తుందా? లేకేం! అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబునాయుడి కన్నీళ్లు. అసెంబ్లీలో అవమానం జరిగిందని విలేఖరుల ముందు వెక్కి వెక్కి ఏడ్చారు. మనిషన్నాక ఏడుస్తాడు, తప్పేముంది? మా గొడవ కన్నీళ్లతో కాదప్పా, కెమెరాతో. తెర నిండా ముఖం. అదే ముఖం మళ్లీ. ఇంకోసారి. సీరియల్లో కోడలి మాటకు అత్త మీదికి కెమెరా మూడుసార్లు దూకుతుందే, అచ్చం అదే విద్య.

మర్నాడు అప్పటి ముఖ్యమంత్రి జగన్ వరదను గాల్లోంచి చూశారు. మనకూ గాల్లోంచే చూపించారు. పైనుంచి వరద ఎంత అందం! మనిషి చీమంత. చీమ ఏడుపు వినబడుతుందా? ఆయన ఊళ్లోకి దిగేసరికి డిసెంబర్ 2.

క్లోజప్పులో ఉన్నోడిది దుఃఖం. లాంగ్ షాట్‌లో ఉన్నోడిది లెక్క. ఎక్స్‌గ్రేషియా లెక్క.

ఈ కెమెరా విద్యను చదువుగా చదివేవాళ్లున్నారు. అమెరికాలో జెరెమీ బట్లర్ అనే ప్రొఫెసర్ 2010లో ‘టెలివిజన్ స్టైల్’ అని పుస్తకమే వేశాడు. షాటు ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కగట్టే రకం. మనకెందుకా చాదస్తం? మైకు నోట్లో పెట్టి ‘మీకెలా అనిపిస్తోంది?’ అని అడగడం వస్తే చాలదూ?

దిగి దగ్గర్నుంచి చూపించడం చేతగాక కాదు. 2018లో శ్రీదేవి చనిపోతే ఓ తెలుగు చానల్ విలేఖరి ఏకంగా బాత్‌టబ్బులో పడుకుని చూపించాడు. టబ్బులోకి దిగినోళ్లకు చెయ్యేట్లోకి దిగడానికి జలుబు చేస్తుందా?

అన్నమయ్య ప్రాజెక్టు ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి షెకావత్ తర్వాత రాజ్యసభలో చెప్పారు. ఆ గేటు ముఖం మీరు టీవీలో ఎన్నిసార్లు చూశారు? ఏ యాంకరైనా దాని ముందు నిలబడి గొంతు చించుకున్నాడా? తుప్పుకు ఏ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వెయ్యాలో ఎడిటరుకు తోచలేదు కాబోలు. పాపం, గేటు ఏడవదు కదా!