తోట పాకలో దుర్భిణి

నూజివీడు దగ్గర ఒక మామిడి తోట, తోటలో తాటాకు పాక. ఆ పాక నిట్రాటకు కొట్టిన మేకుకు వేలాడుతున్న దుర్భిణిని నేను. మీరు బైనాక్యులర్స్ అంటారు. మెడ పట్టీ తెగితే కొబ్బరితాడు కట్టారు. ఒంటిమీద 8×40 అన్న అంకెలు ఇంకా చెరిగిపోలేదు: దేన్నయినా ఎనిమిది రెట్లు దగ్గర చేసి చూపిస్తాను, నా ముందు అద్దం 40 మిల్లీమీటర్లు.

తోట గుత్తకు తీసుకున్నవాళ్ళు నాతో కోతుల్ని చూస్తారు. చూశాక మంచె మీదే వదిలేస్తారు. రాత్రంతా మంచు. తెల్లారాక దుమ్ము పట్టిన లుంగీ చెంగుతో నా అద్దాలు రుద్దుతారు. ఒక్కో ఇసుక రేణువూ ఒక్కో గీత. ఒక తొలకరికి పాక కారి నీళ్ళు లోపలికి దిగాయి. ఎండబెట్టాలని ఎవరికీ తోచలేదు. కుడి కంటిలో బూజు మొదలై సాలెగూడులా అల్లుకుంది. ‘కోతుల కోసం కొన్నదేగా’ అన్నారెవరో. ఆ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నన్ను కొన్నది సముద్రం కోసం.

మా ఆసామి కూతురు అప్పట్లో పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేది. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. వరిగడ్డిలో పేర్చిన చిన్న రసాల బుట్టతో, మెడలో నాతో ఆయన చెన్నైలో ఓడ ఎక్కాడు. మూడు రోజులు నీళ్ళే. చివరికి ఓడలో పనిచేసే శ్రీకాకుళం కుర్రాడు ఉత్తరంగా చెయ్యి చాపాడు.

‘అదిగోండి బాబాయిగారూ, ఉత్తర సెంటినెల్ దీవి. మనుషులున్నారు గానీ ఎవరూ వెళ్ళకూడదు.’

ఆసామి నన్ను కళ్ళకు ఆనించుకున్నాడు. నీళ్ళ మీద ముదురు పచ్చని వీపులా అడవి. ఎంత చూపినా మనిషి జాడ లేదు, పొగ లేదు. నావల్ల కానందుకు సిగ్గుపడ్డాను. 2011 జనాభా లెక్కలవాళ్ళు కూడా దూరం నుంచి చూసే 15 మందిని రాసుకున్నారట.

‘ఓ బుట్ట రసాలు ఒడ్డున పెట్టి వస్తే తినరూ?’ అన్నాడు ఆసామి. నూజివీడు మనిషి కదా, ఎండాకాలంలో చేతిలో పండు లేకుండా ఎవరి గడపా తొక్కడు.

‘మన జలుబు సోకినా వాళ్ళు తట్టుకోలేరండీ.’ కుర్రాడు 1880 నాటి సంగతి చెప్పాడు. పోర్ట్‌మన్ అనే ఆంగ్లేయ అధికారి ఆ దీవివాళ్ళను ఆరుగురిని పోర్ట్ బ్లెయిర్‌కు పట్టుకుపోయాడు. అందరూ జబ్బు పడ్డారు. పెద్దవాళ్ళిద్దరూ చనిపోయారు. నలుగురు పిల్లల్ని కానుకలిచ్చి తిరిగి దీవిలో దింపారు. 1991లో ఒకసారి ఆ దీవివాళ్ళు మన అధికారుల చేతుల్లోంచి కొబ్బరికాయలు అందుకున్నారు. కొన్నేళ్ళకు ఆ రాకపోకలు కూడా ప్రభుత్వమే ఆపేసింది. ఇప్పుడు చుట్టూ ఐదు నాటికల్ మైళ్ళ లోపలికి పోవడం నేరం.

ఆసామి చాలాసేపు మాట్లాడలేదు. నన్ను దించి, పైపంచె కొసతో మెల్లగా తుడిచి సంచిలో పెట్టాడు. నన్ను అంత శుభ్రంగా తుడిచింది అదే ఆఖరు. దగ్గర చేయడమే నా పని అనుకున్న నేను, దూరాన్ని అలాగే ఉంచడమూ ఒక మర్యాదేనని ఆ డెక్కు మీద తెలుసుకున్నాను.

ఇప్పుడు ఆసామి తోటకు రాలేడు. ఈ కాపు అయ్యాక పాక విప్పుతారట. పాత సామాను తూకానికి వేస్తారట. వేసేముందు ఒక్కసారి నన్ను ఆయన చేతికివ్వండి. నా ఎడమ కన్ను ఇంకా బాగానే చూస్తుంది.