నా నీడన సాగిన సమ్మెలు

నేను తిరుపతిలో ఓ టెంట్ హౌస్ వాళ్ల షామియానాని. పెళ్లికీ నన్నే కడతారు, కర్మంతరాలకీ నన్నే కడతారు. కానీ లోకం తీరు నాకు తెలిసింది మాత్రం సమ్మె శిబిరాల్లోనే.

2015 మే 6న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు బస్టాండు దగ్గర నన్ను కట్టారు. మండే ఎండలు, పైగా కొండకు జనం విరగబడే రోజులు. అడిగింది 43 శాతం ఫిట్‌మెంట్. ఎనిమిదో రోజున ప్రభుత్వం అంతకూ ఒప్పుకుంది. అంతా నినాదాల బలమేనని సంబరపడుతున్న ఓ కుర్ర కండక్టర్‌తో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ డ్రైవరు ఒకాయన అన్నాడు: "అరుపులు కాదు నాయనా. ముందు నోటీసు ఇచ్చినాం, రసీదు తీసుకున్నాం, గడువు చూసినాం. ఆ తర్వాతే బండ్లు నిలిపినాం."

ఆయన మాట అక్షరాలా నిజం. ప్రజావసర సర్వీసుల్లో నోటీసు ఇచ్చి 14 రోజులు ఆగాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం అప్పుడే చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ షరతును పరిశ్రమలన్నిటికీ పెట్టింది. సగం మంది గానీ, అంతకు మించి గానీ కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడూ, ముగిసిన ఏడు రోజుల దాకానూ పని ఆపకూడదు. తప్పితే వెయ్యి నుంచి పది వేల జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ. శ్రీసిటీలో, రేణిగుంటలో ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరే పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు. యూనియన్లే చెప్పాలి.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి వేరు. వాళ్లకు సమ్మె హక్కు లేదని 2003లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్ర ఆర్టీసీ వాళ్లూ ప్రభుత్వ ఉద్యోగులే. కాబట్టి 2015 నాటి దారి నేడు వాళ్లకు అలాగే లేదు.

నన్ను ఎక్కువ రోజులు నిలబెట్టింది అంగన్‌వాడీ అక్కలు. 2023 డిసెంబర్ 12న మొదలైన వాళ్ల సమ్మె 42 రోజులు సాగింది. ఆ చలికి పొద్దున నా గుడ్డంతా మంచుతో తడిసి బరువెక్కేది. అప్పటికే కొంగు తలమీదుగా కప్పుకుని వచ్చి కూర్చునేవాళ్లు. వంటావార్పు రోజు రోడ్డు మీదే పొయ్యి పెట్టి సంగటి కెలికారు. సంక్రాంతి ముగ్గు కూడా నా ముందే పడింది. అప్పట్లో కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000. అది జీతం కాదట, గౌరవ వేతనమట! ఉద్యోగులే కాదన్న వాళ్ల మీదే జనవరి 6న అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. ఆ అన్యాయం నాకిప్పటికీ మింగుడు పడదు. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని 2022లోనే సుప్రీంకోర్టు చెప్పింది కదా!

ఆ రోజుల్లో వాళ్లను భయపెట్టింది పోలీసులు కాదు, ఇంటి ఖర్చు. "ఈ నెల చీటీ యాడ కట్టేదక్కా?" అని ఒకామె అడిగితే పక్కనామె పలకలేదు. పని చేయని రోజులకు జీతం కోయొచ్చని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె చట్టబద్ధమూ న్యాయమూ అయితేనే ఆ వేతనం అడగడానికి వీలు. అందుకే నిధి పోగు చేసుకోకుండా సమ్మెకు దిగకూడదంటాను.

జనవరి 22 రాత్రి చర్చల్లో, జులైలో జీతాలు పెంచుతామన్న హామీ మీద సమ్మె విరమించారు. జూన్‌లో ప్రభుత్వమే మారిపోయింది. హామీ కూడా దక్కని వాళ్లున్నారు: అంతకుముందు తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 2019లో 52 రోజులు సమ్మె చేసి, చేతిలో ఒప్పందం లేకుండానే విరమించాల్సి వచ్చింది. తిరిగి డ్యూటీలో చేర్చుకుంటారో లేదో తెలియక డిపోల ముందు పడిగాపులు పడ్డారు.

అమ్మలారా, అయ్యలారా, మీ డిమాండ్లు న్యాయమైనవే. ఏది ఎప్పటికి ఇస్తారో తేదీతో సహా రాయించుకోండి. రెండు పక్షాల సంతకాలూ పడ్డాకే నా తాళ్లు విప్పమనండి.