ఔట్‌లుక్ తెరుచుకోదట!

జవహర్ ఆటోనగర్‌లో తెరుచుకోనిదంటూ ఉండదండీ. హైవే మీద బోల్తా కొట్టి నుజ్జయిన క్యాబిన్ తలుపుని గడ్డపలుగేసి లేపుతారు. పట్టేసిన ఇంజన్ని పొద్దుగూకేలోగా విప్పి పిస్టన్లు గోనెపట్టా మీద పరుస్తారు. అలాంటి చోట, స్పేర్ పార్ట్స్ కొట్లో లెక్కలు రాసుకునే నేను ఈ వయసులో వినాల్సొచ్చిన మాట: "బాబాయ్ గారూ, మెయిల్ ఓపెన్ అవట్లేదు. పాత కొటేషన్లన్నీ పోయినట్టే."

పోవడమేమిటి? మా రోజుల్లో ఉత్తరం పోవాలంటే చెదలన్నా పట్టాలి, ఎలకన్నా కొట్టాలి. మద్రాసు నుంచి కమాన్ కట్టల ధరల పట్టీ వస్తే చదవడం, ఇనప తీగకి గుచ్చడం, నెలాఖరున ట్యాగు కట్టి బాక్సు ఫైల్లో పడెయ్యడం. మేం పంపే ప్రతిదానికీ కార్బన్ నకలు. రేకు కారి ఫైలు తడిస్తే పైనున్న నాలుగు కాగితాలూ అంటుకుపోయేవి, కిందవి నిక్షేపంగా ఉండేవి.

ఇప్పుడో, ఏళ్ల తరబడి వచ్చిన ఉత్తరాలన్నీ కలిపి ఒక్కటే ఫైలు. పీఎస్‌టీ అట. ఏ మూలో కాస్త చెడితే మొత్తానికే తాళం. 2002 దాకా వచ్చిన ఔట్‌లుక్‌లయితే ఆ ఫైలు 2 జీబీకి చేరగానే మొరాయించేవి. దానికి మైక్రోసాఫ్ట్ వాళ్లిచ్చిన మందు, ఆ ఫైల్లో కొంత కోసి పారేసే ప్రోగ్రాము! 2003లో పరిమితి 20 జీబీ చేశారు, 2010లో 50. గోనె పెద్దదయింది గానీ కుట్టు మాత్రం అదే.

మనవాళ్ల నిర్వాకమూ తక్కువేం కాదు. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఎన్నాళ్లయినా మార్చరు, కరెంటు పోతే ఫైలు సగం రాతలో ఆగిపోతుంది. ఫైలేమో గోడౌన్ కంప్యూటర్లో, తెరిచేదేమో కౌంటర్లోంచి, నెట్‌వర్క్ మీద. అలా వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంటే వినేదెవరు?

కంప్యూటర్ కుర్రాడొచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అన్నాడు. మా ఆటోనగర్లో ఏ మేస్త్రీ అయినా బానెట్ ఎత్తకుండా బండిని తుక్కుకి వెయ్యమంటాడా? ఆపు బాబూ అని, ముందు ఔట్‌లుక్ మూయించి, ఫైలుకి వేరే డిస్కులో నకలు తీయించాను. అప్పుడు వెతికితే, ఆఫీస్ ప్రోగ్రామున్న ఫోల్డర్లోనే స్కాన్‌పీఎస్‌టీ అనే మరమ్మతు సాధనం ఉంది. స్టార్ట్ మెనూలో కనపడి చావదు! దానికి ఫైలు చూపిస్తే తప్పులు లెక్కపెట్టింది, బాగుచేసే ముందు బ్యాకప్ తీసుకోనా అని మర్యాదగా అడిగింది. కుర్రాడి కంటే అదే నయం. ఒక్కసారికి కుదురుకోదది, తప్పుల్లేవు అనేదాకా మళ్లీ మళ్లీ తిప్పాలి. చివరికి కొన్ని ఉత్తరాలు వాటి చోట్లో, కొన్ని 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే ఫోల్డర్లో కుప్పగా తేలాయి. ఓ క్లచ్ ప్లేట్ల కొటేషన్‌కి ఉత్తరం వచ్చింది గానీ వెనకుండాల్సిన ధరల జాబితా రాలేదు.

మా కొట్టు చినబాబు కంప్యూటర్లో ఉన్నది ఓఎస్‌టీ, అంటే సర్వర్లో ఉన్నదానికి నకలు. అది చెడితే పక్కన పెట్టేసినా సర్వర్ నుంచి మళ్లీ దిగుతుంది. మా కౌంటర్‌లోది అలా కాదు. పాప్ పద్ధతి. సర్వర్లో కాపీ ఉంచమని టిక్కు పెట్టకపోతే, దిగిన ఉత్తరం అక్కడ చెరిగిపోతుంది. ఆ టిక్కు పెట్టిన నాథుడు లేడు. జీఎస్టీ చట్టమేమో వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలూ రికార్డులూ భద్రంగా ఉంచమంటుంది. రేపు ఆఫీసరొచ్చి ధర ఎందుకు తగ్గించారయ్యా అంటే, లాస్ట్ అండ్ ఫౌండ్ చూపించాలా?

శనివారం కొట్టు కట్టేసేముందు ఔట్‌లుక్ మూసి నకలు తీయమని చినబాబు చేత ఓ హార్డ్ డిస్కు కొనిపించాను. మొన్న అడిగితే, అందులో చోటు లేదు బాబాయ్ గారూ అన్నాడు. ఏమిట్రా అని చూద్దును కదా, నిండా సినిమాలు.