పావుగంట పురాణం

ఇక మన కష్టాలు తీరినట్టే. ఎగిరే టాక్సీలు వచ్చేస్తున్నాయి. లండన్‌లో హీత్రూ విమానాశ్రయం నుంచి కానరీ వార్ఫ్‌కి ఎనిమిది నిమిషాలట, మాంచెస్టర్ విమానాశ్రయం నుంచి లీడ్స్‌కి పావుగంటట. పైలట్ కాక నలుగురు ఎక్కొచ్చట. లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డు మీద ముందు బండి బ్రేకు లైట్లు చూస్తూ జుట్టు నెరిసిన మన నెత్తిన పాలు పోశారు మహానుభావులు.

అయితే ఈ పావుగంట మనకు పాత చుట్టమే. లండన్ విమానాశ్రయాలు హీత్రూ, గాట్విక్‌ల మధ్య 1978లో ఎయిర్‌లింక్ అని హెలికాప్టర్ నడిపారు. 28 సీట్లు, పావుగంట ప్రయాణం. చప్పుడు భరించలేమని కింద ఊళ్లవాళ్లు గోల పెట్టారు. ఎం25 వచ్చేసింది కదా, ఇంకా ఇదెందుకని 1986లో ప్రభుత్వమే ఆపించింది. అవును, ఆ ఎం25 చూసుకునే! 2011లో మళ్లీ కొత్త ఊహ పుట్టింది: ఆ రెండు విమానాశ్రయాలనూ హైస్పీడ్ రైలుతో కలిపేసి 'హీత్‌విక్' చేద్దామని. ఎంతసేపట? పావుగంటే. ఆ రైలుకి ఒక్క పట్టా పడలేదు. యంత్రం మారుతుంది, మంత్రి మారతాడు, పావుగంట మాత్రం చెక్కుచెదరదు.

అసలా పావుగంట ఎక్కడ మొదలవుతుంది? బండి నేల వదిలాక. ఎక్కడ ముగుస్తుంది? నేల తాకగానే. హైదరాబాద్ నుంచి పదిగంటలు ముడుచుకు కూర్చుని వచ్చిన పెద్దాయన ఇమిగ్రేషన్ లైన్లో నిలబడ్డ సేపు అందులో లేదు. బెల్టు దగ్గర పడిగాపులు లేవు. టెర్మినల్ నుంచి ఆ టాక్సీ దాకా నడక లేదు, అక్కడి తనిఖీ లేదు. పెళ్లికి ఎంతైందంటే తాళిబొట్టు ఖరీదు ఒక్కటే చెప్పినట్టుంది ఈ లెక్క!

సామాను సంగతి సరేసరి. తాడు కట్టి, స్కెచ్ పెన్నుతో పేరూ ఫోన్ నంబరూ రాసిన 23 కిలోల పెట్టెలు రెండు. ఒకదాంట్లో మూడు కవర్లలో చుట్టిన ఆవకాయ. ఆ నాలుగు సీట్లలో రెండు వాటికే పోతాయి.

వెటకారం చాలు. హీత్రూ నుంచి గాట్విక్‌కి గాలిలో కొలిస్తే సుమారు 40 కిలోమీటర్లు, రోడ్డు మీద దాదాపు 65. దారి ఖాళీగా ఉంటే గంటలోపే. శుక్రవారం సాయంత్రమైతే ఆ దేవుడికే తెలియాలి. బ్రిటన్‌లో అత్యంత రద్దీగా ఉండే రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా వెళ్లే రైలు ఈనాటికీ ఒక్కటి లేదు! ఎలిజబెత్ లైన్ రైల్లో లండన్ నడిబొడ్డున ఫారింగ్డన్ దాకా పోయి, దిగి, లిఫ్టు వెతుక్కుని, థేమ్స్‌లింక్ రైలు ఎక్కాలి. మోకాళ్లు పట్టేసిన డెబ్బయ్యేళ్ల అమ్మ ఆ పెట్టెలతో ఎలా ఎక్కుతుందో ఏ ప్రణాళికలోనూ ఎవడూ రాయడు. పోనీ కారులో దింపుదామా అంటే, గుమ్మం ముందు ఆపినందుకు రుసుము. రెండుచోట్లా 2021లో 5 పౌండ్లతో మొదలైంది, పెరుగుతూనే ఉంది. కింద నేల మీద రైలు వేయడం చేతకాదు, పైన టాక్సీలు తిప్పుతారట. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటే ఇదే. ఆ తిప్పడం కూడా, 2024 నాటి ప్రభుత్వ ప్రణాళిక ప్రకారం, 2028కి.

టికెట్లమ్మే సైట్లు మాత్రం తక్కువ తిన్నాయా? హీత్రూలో దిగి గాట్విక్‌లో అమెరికా విమానం ఎక్కమంటూ చౌక బేరం చూపిస్తాయి. 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్', అంటే మారే తిప్పలు మీవేనని, ఒక మూల చీమంత అక్షరాలు. విమానాశ్రయం మారాలంటే సరిహద్దు దాటి బయటికి రావాలి, భారత పాస్‌పోర్టుకి దానికి సాధారణంగా బ్రిటన్ వీసా ఉండాలి; చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లకి మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు. ఆ ముక్క వెతికితే గానీ కనబడదు.

అమ్మానాన్నలకు టికెట్లు తీసేవాళ్లూ, ఆ పావుగంటను నమ్మకండి. దిగేదీ ఎక్కేదీ ఒకే విమానాశ్రయమో కాదో చూసి మరీ డబ్బు కట్టండి. ఒకటే కాకపోతే, నలభై పౌండ్లు ఎక్కువైనా సరే, వేరే టికెట్ చూడండి.