కాంబో సూత్రాలు – శీతలీ వ్యాఖ్య

మూలం

1. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అవైలబుల్ హై.
2. ఎమ్మార్పీ మత్ దేఖో.
3. బిల్ చాహియే తో రేట్ అలగ్.
4. సింగిల్ పీస్ నహీ, కాంబో మే మిలేగా.
5. రేట్ ఆజ్ కా హై.

అవతారిక

సూరత్ మహానగరంలో ఒకానొక కంప్యూటర్ దుకాణదారు, రాత్రి షట్టర్ దించాక, అడిగినవాడికీ అడగనివాడికీ వాట్సాప్‌లో అనుగ్రహించిన సూత్రాలివి. సూత్రానికి అక్షరాలు తక్కువుండాలి, సందేహం మిగలకూడదు అన్నారు పెద్దలు. వీటికి మొదటి లక్షణం పట్టింది. రెండోది పట్టనందువల్లే ఈ వ్యాఖ్య.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మెదక్ సీమలోని కొల్చారం ఆయన ఊరు. కాళిదాసు కావ్యాల మీద ఆ ప్రతిజ్ఞ నిలబెట్టుకున్నాడు గనుక ఆయన వ్యాఖ్యకు సంజీవని అని పేరొచ్చినా చెల్లింది. గ్రాఫిక్ కార్డు దగ్గర అది కుదరదు. మూలంలో ఉన్నదంతా అక్కరలేనిదే. అక్కరకొచ్చేదేదీ మూలంలో లేదు. మనిషిని బతికించేంత శక్తి దీనికి లేదు కాబట్టి, వేడెక్కిన బుర్రకు ఫ్యాను తిప్పితే చాలునని శీతలి అని పేరు పెట్టడమైనది.

శాస్త్రం మొదలెట్టే ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు చెప్పాలి. విషయం గ్రాఫిక్ కార్డు. సంబంధం తండ్రి జేబుతో. అధికారి, అనగా ఈ గ్రంథానికి అర్హుడైన చదువరి, లింబాయత్ వాసి. తాతల కాలంలో తెలంగాణ నుంచి సాంచెల, అనగా మరమగ్గాల, పనికి వచ్చిన పద్మశాలి ఇంటి పిల్లవాడు. నగరపాలక సంస్థ వారి తెలుగు బడిలో అక్షరాలు దిద్ది, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడగలవాడు. ఇక ప్రయోజనం దగ్గరే మతభేదం ఉంది. స్నేహితులతో చెప్పే ప్రయోజనం ఒకటి, ఇంట్లో చెప్పేది మరొకటి.

"బాపూ, చీరల డిజైన్లు జెయ్యాల్నంటే గీ కార్డు ఉండాల్సిందే."

"మొన్నటి దాకా మనకు డిజైన్లు జేసినోని కాడ ఉన్నదా గిది?"

"లేదు."

"మరి?"

ఈ "మరి" మీద ప్రత్యేక గ్రంథమే రాయవచ్చు. ప్రస్తుతం వదిలేస్తున్నాం.

మొదటి సూత్రం

ప్రతిపదార్థం: ఆర్‌టీఎక్స్ = ఎన్విడియా వారి ఇంటిపేరు; 50 = తరం; 60 = ఆ తరంలో అంతస్తు; టీఐ = అంతస్తు మీద వేసిన అటక; అవైలబుల్ హై = కలదు.

ఎక్కడ కలదు అన్న పదాన్ని పాఠకుడే తెచ్చుకోవాలి. దీన్ని అధ్యాహారం అంటారు. దుకాణంలో కలదని అర్థం చెప్పుకుని ఆటో ఎక్కినవాడు వాచ్యార్థం దగ్గరే ఆగిపోయినవాడు. గంగలో పల్లె అంటే నీళ్లలో ఇళ్లు కావు, ఒడ్డున ఉన్న పల్లె అని లక్షణ చేత గ్రహిస్తాం కదా. అలాగే దుకాణంలో కార్డు అంటే దుకాణానికి వచ్చే దారిలో ఎక్కడో ఉన్న కార్డు. ఆ దారి తరచుగా ముంబయి లామింగ్టన్ రోడ్డు దగ్గర మొదలవుతుంది. తెల్లవారి ఫ్లయింగ్ రాణీ రైలు ఎక్కితే 260 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ముంబయి సెంట్రల్‌లో దిగితే ఆ బజారు నడిచిపోయేంత దగ్గర. మన అధికారి ఈ సంగతి తెలిసినవాడే. కాకపోతే కార్డు పాడైతే మళ్లీ అదే రాణీ ఎక్కాలి.

పాఠాంతరం: ఇది ముఖ్యం. 5060 టీఐ అని మూలంలో ఒక్కటే ఉన్నా లోకంలో రెండున్నాయి. 2025 ఏప్రిల్‌లో ఒకే పేరుతో 8 జీబీ మెమొరీది 379 డాలర్లకూ, 16 జీబీది 429 డాలర్లకూ విడుదల చేశారు. పెట్టె మీద బొమ్మ ఒకటే, మూల మీద అంకె మాత్రం మారుతుంది. సూత్రకారుడు జీబీ సంఖ్య చెప్పలేదంటే 8 అనే గ్రహించాలని వ్యాఖ్యాత సిద్ధాంతం. 16 అయితే అది చెప్పకుండా ఏ వ్యాపారి ఉండలేడు.

పేరొకటి వస్తువు రెండు అనే ఈ సంప్రదాయం కొత్తది కాదు. 2022లో 4080 పేరిట 16 జీబీది, 12 జీబీది అని రెండు కార్డులు ప్రకటించారు. చిన్నదాంట్లో చిప్పే వేరు. జనం గోల చేశాక అక్టోబరు 14న చిన్నదాన్ని వెనక్కి తీసుకుని, పుట్టకముందే పేరు తీసేసి, మరుసటి జనవరిలో 4070 టీఐ అని కొత్త నామకరణం చేశారు. 899 డాలర్లనుకున్నది 799 అయింది. బారసాలకు వంద డాలర్లు తగ్గిన బిడ్డ బహుశా ఇదొక్కటే.

రెండో సూత్రం

ఎమ్మార్పీ చూడకు అని నిషేధం. 2011 నాటి ప్యాకేజీ సరకుల నియమాల ప్రకారం పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర పెట్టె మీద ఉండాలి, దానికి మించి అమ్మడం నేరం. దిగుమతిదారులు ఈ నియమాన్ని భక్తితో పాటిస్తారు. ఎంత భక్తి అంటే, మించే ప్రమాదమే రాకుండా ఆకాశమంత అంకె వేస్తారు. దుకాణదారు దాన్ని వేలితో చూపించి, అందులోంచి వేలకు వేలు తగ్గించి, మన మీద దయతలచినట్టు మొహం పెడతాడు.

సూరత్ వాళ్లకు ఇది వింత కాదు. మహీధర్‌పురా హీరా బజారులో సానబట్టిన వజ్రం ధరను రాపాపోర్ట్ అనే ధరల పట్టీ మీద ఇంత శాతం కింద అనే మాట్లాడతారు. 1978 నుంచీ ఉన్న పట్టీ అది. ఆ ధరకు కొనేవాడు అరుదని అందరికీ తెలుసు, అయినా అది లేకుండా బేరం మొదలు కాదు. తేడా ఒక్కటే. ఆ పట్టీ ఇద్దరి చేతిలోనూ ఉంటుంది. కార్డు అసలు ఎంతకు పడిందన్న పట్టీ ఒక్కడి చేతిలోనే ఉంటుంది.

మూడో సూత్రం

జీఎస్టీ అన్న పదానికి సూరత్‌లో టీక అక్కరలేదు. 2017 జూలైలో అది వచ్చినప్పుడు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు రోజుల తరబడి మూతపడ్డాయి, వీధి వీధంతా ఊరేగింపులైంది. కంప్యూటర్ భాగాల మీద అది 18 శాతం. బిల్లు కావాలంటే వేరే రేటు అనడంలో ధ్వని ఏమంటే, బిల్లు వద్దనమని. వద్దంటే ఆ పూటకు నాలుగు డబ్బులు మిగులుతాయి. కాని ఈ కార్డులకు మామూలుగా ఉండే మూడేళ్ల వారంటీ కోసం సర్వీస్ సెంటర్‌కు వెళ్తే, అక్కడివాడు మొదట అడిగేది ఆ కాగితమే.

ఇక్కడ తండ్రికి ఒక సూక్ష్మం తట్టింది. సాంచెల వ్యాపారానికి జీఎస్టీ నెంబరుంది. బిల్లు ఫర్మ్ పేరు మీద తీసుకుంటే, వ్యాపారానికి వాడే కంప్యూటర్ మీద కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్ కింద సర్దుబాటవుతుంది. పగలు చీర పల్లూ మీద నెమలిని దిద్ది, రాత్రి అదే కార్డు మీద తుపాకులు పేల్చితే క్రెడిట్ ఎంత మేరకు వదులుకోవాలన్నది ధర్మసూక్ష్మం. చార్టర్డ్ అకౌంటెంట్లు చూసుకుంటారు.

నాలుగో సూత్రం

విడిగా దొరకదు, కాంబోలో దొరుకుతుంది. కాంబో అంటే కార్డుతో పాటు ఒక క్యాబినెట్, ఒక ఎస్‌ఎంపీఎస్, దుకాణంలో దుమ్ము పట్టిన కీబోర్డు ఉంటే అదీ. పైకి ఇది ద్వంద్వ సమాసంలా కనిపిస్తుంది. కాని ద్వంద్వంలో పదాలన్నిటికీ సమాన ప్రాధాన్యం ఉండాలి. ఇక్కడ ఒకటి మనకు కావలసింది, మిగిలినవి ఆయన వదిలించుకోవలసినవి. దీనికి పాణిని సూత్రం చేయలేదు. అన్నిట్లోకీ ప్రమాదం కరెంటందించే ఆ ఎస్‌ఎంపీఎస్ డబ్బా. కార్డొక్కటే 180 వాట్లు లాగుతుంది. స్టిక్కర్ మీద 600 అని ఉండి లోపల అందులో సగమైనా లేని డబ్బాను అంటగడితే, పోయేది డబ్బా ఒక్కటే కాదు.

కాంబో ఎందుకు పుట్టింది? కొరత వల్ల. కొరత ఎందుకు పుట్టింది? పన్నుల వల్ల అని ఒక వర్గం వ్యాఖ్యాతలు గట్టిగా వాదిస్తారు. లెక్క చూద్దాం. 2021 ఫిబ్రవరిలో 3060 కార్డు అమెరికాలో 329 డాలర్లకు వచ్చింది. అప్పటి డాలరు 73 రూపాయల చొప్పున 24,000. మీద 18 శాతం వేస్తే 28,300. భారతదేశంలో కంపెనీ ప్రకటించిన ధర 29,500. అంటే పన్ను పోగా పైన పడింది వెయ్యి చిల్లర. కాగితం మీద అన్యాయమేమీ జరగలేదు. ఆ ఏడాది బజారులో 3060 ధర ప్రకటనకు రెట్టింపు దాటింది. దాటించింది పన్ను కాదు.

దాటించినవాళ్లలో ముందువరుస వాళ్లు ఈథర్ అనే క్రిప్టో నాణేన్ని ఈ కార్డులతో తవ్వేవాళ్లు. ఆట ఆడేవాడికి ఒక కార్డు చాలు, వాళ్లకు గదినిండా కావాలి. ఎన్విడియా 3060లో ఒక బిరడా పెట్టింది: తవ్వకం మొదలైతే వేగం సగానికి పడిపోతుంది. నెల తిరక్కుండా ఆ కంపెనీయే విడుదల చేసిన ఒక పరీక్షా డ్రైవర్‌లో ఆ బిరడా పనిచేయలేదు. తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టయింది. చివరికి 2022 సెప్టెంబరు 15న ఆ నాణెం నడిచే ఈథరియం తన పద్ధతే మార్చుకుని తవ్వకం మానేసింది. మర్నాటి నుంచీ గదుల నిండా కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చిపడ్డాయి, ఒక్కోటీ "ఇంట్లో వాడిందే సార్" అన్న వాక్యంతో. ఆ వాక్యానికి అర్థం చెప్పడం కంటే, ఎదురుగా అరగంట కార్డు మీద పూర్తి బరువు పెట్టి నడిపించి, వేడీ ఫ్యాన్ల చప్పుడూ గమనించి, అసలు బిల్లు అడగడం మేలు.

సరే, ఆ తవ్వకం ఆగింది కదా, కొరత ఎందుకు పోలేదు? ఈ పూర్వపక్షానికి సమాధానం ఎన్విడియా జమాఖర్చుల్లో ఉంది. 2021 జనవరితో ముగిసిన ఏడాదిలో ఆ కంపెనీకి ఆటల కార్డుల మీద వచ్చింది 776 కోట్ల డాలర్లు, డేటా సెంటర్ల మీద 670 కోట్లు. మనవాడే పెద్ద గిరాకీ. 2025 జనవరితో ముగిసిన ఏడాదికి ఆటల వాటా 1,135 కోట్లు. డేటా సెంటర్లది 11,520 కోట్లు. మనవాడు తగ్గలేదు, పెరిగాడు కూడా. పక్కనున్నవాడు కొండంతయ్యాడు. ఆ చిప్పులు ప్రధానంగా తైవాన్‌లో టీఎస్‌ఎంసీ దగ్గరే తయారవ్వాలి, మెమొరీ శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడిళ్ల నుంచే రావాలి. పెళ్లివారి బంతి లేచాక మిగిలిన గారెలు మన లింబాయత్ కుర్రాడివి. కాంబోలో ఆ దుమ్ము కీబోర్డు చేతికొచ్చినప్పుడు అతను తిట్టాల్సింది సూరత్ దుకాణదారుని కాదు, కృత్రిమ మేధ కోసం డేటా సెంటర్లు కట్టేవాళ్లను. అయితే వాళ్లకు వాట్సాప్ నెంబరు లేదు.

అయిదో సూత్రం

ధర ఈరోజుదే. భూతకాలం ఒప్పుకోదు, భవిష్యత్తుకు హామీ ఇవ్వదు.

ఇక్కడ తండ్రి పూర్వపక్షం బలమైనది. "ల్యాబ్ హీరా ఏమైంది? ఊరందరు మిషిన్లు పెట్టి పెంచిన్లు, ధర కింద వడ్డది. గిదీ గట్లనే వడ్తది, ఆగుర్రి." ఊరి అనుభవంలోంచి వచ్చిన వాదం కనుక కొట్టిపారేయలేం. పైగా 2021లో ఆగినవాడు 2022 చివర్లో లాభపడ్డాడు కూడా.

సిద్ధాంతం: ల్యాబ్ వజ్రానికి రియాక్టర్ కొనగలిగిన ప్రతివాడూ పోటీదారే, అందుకే సూరత్‌లో గల్లీ గల్లీకి పుట్టుకొచ్చారు. ఈ చిప్పు పెంచే రియాక్టర్ గల్లీలో దొరకదు. ఏఎండీ, ఇంటెల్ కార్డులు ఉన్నాయి గానీ వాటి చిప్పులూ ఎక్కువభాగం అదే తైవాన్ గుమ్మం ముందు వరసలో నిలబడాల్సినవే. 2025 శీతాకాలంలో మరో ముడి పడింది. డేటా సెంటర్లకు మెమొరీ అమ్మడమే లాభమని తయారీదారులు అటు తిరిగారు, బజారులో ర్యామ్ ధరలు ఎగిశాయి. డిసెంబరు 3న మైక్రాన్, మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో అమ్ముతున్న సరకు ఆపేస్తున్నామని ప్రకటించింది. 2025 వేసవిలో ఆగినవాడి లాభం చలికాలానికి హరించుకుపోయింది.

కాబట్టి ఏళ్లు వెనక్కి చూసి ఆగమనడం, నెలలు వెనక్కి చూసి ఇప్పుడే కొనమనడం, రెండూ సూత్రానికి విరుద్ధమే. తండ్రీ కొడుకుల మధ్య కుదిరిన అన్వయం ఇది: 16 జీబీదే, కాంబో లేకుండా, ఫర్మ్ పేరు మీద పక్కా బిల్లుతో. అన్నీ ఒక్కచోట దొరికిన రోజున కొనాలి, అందాకా ఉన్నదాని మీదే నెమళ్లు. కొడుకు ఒప్పుకున్నాడు. తను రాత్రిళ్లు ఆడే తుపాకుల ఆట వాలొరాంట్ మామూలు కంప్యూటర్ మీద కూడా నడుస్తుందని తండ్రికి ఇంకా తెలియదు.

ఇది లింబాయత్ వాస్తవ్య విరచితమైన శీతలీ వ్యాఖ్యలో కాంబో ప్రకరణము. తరువాతిదైన ర్యామ్ ప్రకరణానికి మూలం ఇంకా చేతికందలేదు. అడిగితే సూత్రకారుడు "కల్ బతాతా హూఁ" అన్నాడు.