లాభవాటా పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
లాభవాట యెంత? లక్షయో, రెండునో?
దసర దాఁక నూరఁ దడవు మాట;
చీటి చూడఁగానె చిన్నబోవును మోము;
మరుసటేటి కాశ మరల మొలచు.

ప్రతిపదార్థం: లాభవాట = సింగరేణి సంస్థ తన లాభంలో కార్మికులకు పంచే భాగం; ఎంత = ఏ మాత్రం; లక్షయో, రెండునో = లక్ష రూపాయలో, రెండు లక్షలో; దసర దాఁకన్ = విజయదశమి వరకు; ఊరన్ = గోదావరిఖనిలో, విశేషించి చాయ్ హోటళ్ల వద్ద, బాయి (గని) ముందర; తడవు మాట = పదే పదే ఎత్తే ముచ్చట; చీటి = పే స్లిప్పు; చూడఁగానె = కంటపడగానే; మోము = ముఖం; చిన్నబోవును = వాడిపోతుంది; మరుసటేటికిన్ = వచ్చే సంవత్సరానికి; ఆశ, మరల మొలచు = ఆశ తిరిగి చిగురిస్తుంది.

తాత్పర్యం: వాటా వస్తుంది, అనుకున్నంత రాదు, అయినా ఎదురుచూపు ఆగదు.

విశేషాలు: ‘దసర’ ఉపలక్షణం. దీపావళి, క్రిస్మస్‌లను కూడా గ్రహించాలి. దీపావళికి బోనస్ వేరే ఉంది. 2025లో అది 1,03,000 రూపాయలు. ఈ రెండు సొమ్ములూ క్రిస్మస్‌కు ముందే వచ్చిపోతాయి. కనుక చర్చికి పోయే ఇంట్లో డిసెంబరు కొత్తబట్టల లెక్క కూడా దసరానాడే మొదలవుతుంది.

ఆక్షేపం: వాటా శాతం 2022–23కు 32, మరుసటి ఏటికి 33, 2024–25కు 34. ఏటా పెరుగుతుంటే మోము చిన్నబోవడం అసంగతం కదా?

సమాధానం: కాదు. 2024–25లో లాభం 6,394 కోట్లు. అందులో 4,034 కోట్లు విస్తరణ పనులకు పక్కన పెట్టి, మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం కట్టారు. వచ్చింది సుమారు 802 కోట్లు. అంతకుముందటి ఏడు 2,412 కోట్ల మీద 33 శాతం కడితే 796 కోట్లు. శాతం ఒకటి పెరిగితే సొమ్ము పెరిగింది 6 కోట్లే. మొత్తం లాభం మీదనే కడితే 34 శాతం 2,174 కోట్లకు చేరేది. ఊరు లెక్క వేసింది మొత్తం మీద, ప్రకటన లెక్క మిగులు మీద. 2024–25కు సగటున ఒక్కొక్కరికి పడింది 1.95 లక్షలు, అందులోనూ ఆదాయపు పన్ను కోత ఉంటుంది.

రసవిచారం: ఉత్సాహం స్థాయీభావం. శంక, ఔత్సుక్యం, అసూయ, విషాదం సంచారీభావాలు. వాటా మస్టర్లను (పనికి హాజరైన రోజులను) బట్టి పడుతుంది కనుక అసూయకు ఆలంబనం పక్క క్వార్టర్ ఆయన మస్టర్లు.

అధికారి నిర్ణయం: ఈ పద్యం పర్మినెంటు కార్మికునికే వర్తిస్తుంది. అదే గనుల్లో చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికునికి 2024లో 5,000, 2025లో 5,500 రూపాయలు ఇచ్చారు. ‘లక్షయో, రెండునో’ అన్న సంశయానికి అతని విషయంలో అవకాశమే లేదు. ఇది పద్యదోషం కాదు, పంపకపు దోషం.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని అర్థసహితంగా చదివినవారు శాతం వినగానే లక్ష్మీనగర్ బంగారం దుకాణానికి పరుగెత్తరు; ముందు ‘ఎందులో శాతం?’ అని అడుగుతారు.