స్థావర వాహన ప్రతిష్ఠ

కదలని బండి యేమి చేయగలదను ప్రశ్న పల్నాటి గృహస్థుల నోట నేడు వేదవాక్యపు గౌరవమును సంపాదించుకొన్నది. నరసరావుపేట మొదలు మాచర్ల వఱకు, స్తోమతు గల యిండ్ల ముందుగదులలో వ్యాయామపు సైకిళ్ళు వెలయుచున్నవి. అవి యెక్కడికిని పోవు గనుక వానివలన నెవరికిని హాని రాదనియు, హాని రాదు గనుక వానినిగూర్చి తెలిసికొనవలసినదేమియు లేదనియు, తెలిసికొనవలసినది లేదు గనుక బండితో వచ్చిన పుస్తకమును అట్టపెట్టెతోపాటు పాతసామానులవానికి వేసివేయవచ్చుననియు, ఒకదానినుండి యొకటిగా పుట్టిన యీ తర్కమును విన్నచో గౌతముడు కూడ తన న్యాయసూత్రములను మరల దిద్దుకొనవలసివచ్చునేమో యని నాకు భయము కలుగుచున్నది. "దాన్దేముంది బాబాయ్, సైకిలేగా! కుర్రతనంలో గుంటూరు దాకా తొక్కినోళ్ళం" అనువారితో వాదించుట మఱియు కష్టము, ఏలయన వారు నిజముగనే తొక్కినవారు.

విగ్రహమును నిలుపుటకు ముందు పీఠము మట్టముగా నున్నదో లేదో చూచుట శిల్పులకు మొదటి పని. మన సైకిలు ప్రతిష్ఠలో పీఠపు ప్రసక్తియే లేదు. అమెరికాలోనున్న కుమారుడు డబ్బు పంపును, పెట్టె దిగును, మంచి దినము చూతురు, చక్రమునకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, హ్యాండిలునకు బంతిపూల దండ తగిలించి, కొబ్బరికాయ కొట్టి, కొత్త మోటారుబండికి చేసినట్లే క్రింద నిమ్మకాయను గూడ నుంచుదురు. నేలను తాకని చక్రము క్రింద నిమ్మకాయ నలుగుట యెట్లని యడిగిన పాపాత్ముడు ఇంతవఱకు నాకు కనబడలేదు. ఇన్ని ఉపచారములు చేసిన చేతులకు, ఆ బండి అడ్డకమ్మీల కొనలయందు త్రిప్పి యెత్తు సరిచేయుటకై యమర్చిన రబ్బరు పాదములు మాత్రము తగులవు. మన పాతయిండ్ల నేలలా, పల్నాటి నాపరాళ్ళు పఱచినవి. ఏ రెండు పలకలును ఒక్క మట్టమున నుండుట అరుదు. ఎక్కగానే బండి ఈశాన్యమునుండి నైరృతికి ఊగును. అంతట గృహస్థు దిగి, ఏ మేనకోడలి పెండ్లి శుభలేఖనో నాలుగు మడతలు పెట్టి యొక పాదము క్రింద దోపి, వాస్తుదోషము తీఱెనని మరల నెక్కును. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకై ఎనుబది తొంబది అడుగుల ప్రభను గట్టి, మోకులు బిగించి, బరువు ఏ వైపునకు మొగ్గుచున్నదో కంటితోనే కనిపెట్టి, కిక్కిరిసిన జనము నడుమ నిట్టనిలువుగా నడిపించుకొనిపోవు జాతి మనది. అట్టి మనకు నాలుగడుగుల బండిని నేలపై నిలుకడగా నిలుపుట చేతకాదనుట నేను నమ్మను. చేతగాక కాదు, అదియు నొక పని యని తోచక. క్రింద దట్టమైన రబ్బరు చాప పఱచి, ఊగులాట మానువఱకు ఆ పాదములను త్రిప్పుటకు, కొబ్బరికాయ పీచు తీయునంత సేపైనను పట్టదు.

ఇక బిగింపు. ఈ క్రతువునకు వీధిచివరనున్న ఫ్యానుల మెకానిక్కు ఋత్విక్కు. అతడు సమర్థుడే, అయినను లోకములోని మరలన్నియు కుడివైపునకు త్రిప్పిన బిగియునని నమ్మినవాడు. సైకిలు ఎడమ పెడలు ఆ లోకమునకు చెందినది కాదు. తొక్కునప్పుడు కాలిబరువు ఇరుసుచుట్టును తిరుగుచు మరను కొంచెము కొంచెముగా వదలింపజూచును గనుక, ఎడమదానికి ఎదురుమర కోసియుందురు. దానిని ఎడమకు త్రిప్పినగాని బిగియదు. పెడళ్ళపై ఎల్ అనియు ఆర్ అనియు అక్షరములు గూడ చెక్కియుండును. మొదట వ్రేళ్ళతోనే యెక్కించి, మర నేరుగా పట్టినదని తెలిసికొని, పిదప పానను నిలువుగా పట్టి బండి ముందువైపునకు లాగినచో రెండు పెడళ్ళును బిగియును. ఇంతకంటె పొట్టి సూత్రమును పాణిని కూడ చెప్పజాలడు. మన ఋత్విక్కు ఎల్‌ను కుడికి త్రిప్పి, అది యెక్కకపోవుట చూచి, బలము చాలలేదనుకొని, పానకొక యినుపగొట్టము తొడిగి ఒక్క ఊపు ఊపును. మర చచ్చును. పెడలు నిలిచినట్లే కనబడును. కొన్నాళ్ళకు, గృహస్థు మంచి హుషారుమీద నున్న తరుణమున, అది యూడి పాదముతోసహా నేలకు వచ్చును. కోడిపందెమున పుట్టిన పంతము కారంపూడి రణరంగమున తేలిన సీమలో, అంగుళము నిండని మర యేమి చేయునులే యని తేలికగా మాటలాడుట యెట్లు సాధ్యమగుచున్నదో!

అన్నిటికంటె ఘనమైన అపచారము సీటు విషయమున జరుగుచున్నది. మన పెద్దలు కూర్చున్నచోటినుండి రెండు పాదములును నేలకు ఆనినగాని నెమ్మదింపరు. అది సోఫాకు తగిన నియమము. సీటును అంత క్రిందికి దింపినచో, పెడలు పైకి వచ్చినప్పుడెల్ల మోకాలు గడ్డమువైపునకు లేచి, బాగుగా ముడుచుకొన్న కీలుపైననే తొక్కుడు బరువంతయు పడును. మోకాటిచిప్ప వెనుక నొప్పి అక్కడనే పుట్టును. బండిప్రక్క నిలుచుండి సీటును తుంటియెముక యెత్తునకు తెచ్చుట తొలి కొలత. ఎక్కి కూర్చుండి, మడమను పెడలుపై నుంచి అట్టడుగునకు త్రొక్కినప్పుడు కాలు నిటారుగా చాగవలెను; అంతట పాదపు ముందుభాగమును పెడలుపైకి తెచ్చినచో మోకాలు స్వల్పముగా వంగును. అదియే సరియైన యెత్తు. దానిని మించి లేపినచో తొక్కునప్పుడు తుంట్లు రెండువైపులకును ఊగి నడుము నొచ్చును. హ్యాండిలు సీటుకంటె కొంచెము ఎత్తున నుండుట వయసు మీఱినవారికి మేలు. పందెపు వీరునివలె ముందుకు వాలుట ప్రకటనల బొమ్మలకు విడిచిపెట్టవచ్చును. సీటు కమ్మిమీద ఇంతకంటె పైకి లాగరాదని తెలుపు గీత యొకటి యుండును. దానిని దాటినచో కమ్మికి లోపల పట్టు చాలదు.

ఈ కొలతలలో ఒక్కటియు తీయని గృహస్థునకు పక్షము తిరుగకముందే మోకాళ్ళు పట్టును. పంచాయతీ కూడును. ముద్దాయి సైకిలు. "మన ఒంటికి పడదబ్బాయ్, అయ్యన్నీ అమెరికావోళ్ళకే" అని పెద్దమనుషులు తీర్పు చెప్పుదురు. గుంటూరు పోయి ఎముకల వైద్యునికి చూపించి, ఎక్సురే తీయించి, మాత్రలు తెచ్చుకొందురు. ఇంత వ్యయమైన పిదప గూడ సీటు మాత్రము దింపినచోటనే యుండును.

బండి కదలదు, నిజమే. కదలునది చక్రము. స్పిన్ బండ్లని పిలువబడు జాతిలో చక్రమును పెడళ్ళును విడరాని బంధముతో కట్టుబడియుండును గనుక, రోడ్డు సైకిలుపై వలె తొక్కుట మాని కాళ్ళు ఊరక యుంచుటకు వీలులేదు. మనము ఆగినను, పెక్కు కిలోల బరువుగల ఆ చక్రము తన వేగమున తాను తిరుగుచు పెడళ్ళను, వానితో మన కాళ్ళను ఈడ్చుకొనిపోవును. ఆపవలెనన్న ముందున్న బిగువుగుండీని గట్టిగా క్రిందికి నొక్కవలెను. మన యిండ్లలో ఆ గుండీ తాళముచెవుల గుత్తి తగిలించుకొనుటకు పనికివచ్చుచున్నది. లుంగీ యంచు, చీర కుచ్చెళ్ళు, చున్నీ కొన, ఇవన్నియు చక్రమునకును గొలుసునకును ప్రీతిపాత్రమైన నైవేద్యములు. వీనికంటె భయంకరమైనది పసివాని వ్రేలు. తాత తొక్కుచుండగా మనుమడు ప్రక్కన చతికిలబడి చక్రమును నిమురుట చూడముచ్చటగా నున్నదని వీడియో తీసి డాలసునకు పంపువారు కలరు. ఆ వీడియో చూచి, ముందు బిడ్డను అవతలికి తీయుడని యఱచిన కోడలిని తొందరపాటుదని యెగతాళి చేయువారును కలరు. తొక్కనప్పుడు బిగువు పూర్తిగా బిగించి, పిల్లలు రాని గదిలో తలుపు వేసి యుంచవలసిన వస్తువది. పైగా, గొప్ప ధర పెట్టినదానికి లోపముండదను ధీమా యొకటి. అమెరికాలో పెలోటన్ అను ప్రసిద్ధ సంస్థ 2023 మే నెలలో, తొక్కుచుండగా సీటు కమ్మి విఱిగిపోవచ్చునని తేలుటచేత, సుమారు 22 లక్షల బండ్లను ఆ కమ్మి మార్చువఱకు ఎక్కవలదని ప్రకటింపవలసివచ్చెను. అవియు కదలని బండ్లే.

ఇన్ని విషయములలో నిర్లిప్తుడైన గృహస్థు ఒక్కదానియందు మాత్రము పరమ శ్రద్ధాళువు. అది హ్యాండిలుపై వెలుగు అంకెల పలక.

"ఏంది బాబాయ్, ఇయ్యాల యాడిదాకా పోయావు?"

"నకరికల్లు దాటా. రేపు పిడుగురాళ్ళ."

చౌకబండ్ల పలక లోపల జరుగునది యింతే: పెడలు తిరిగినప్పుడెల్ల చిన్న అయస్కాంతమొకటి ఒక మీటను దాటిపోవును, ఆ దాటులను లెక్కించి, కర్మాగారమువారు ముందే నిర్ణయించిన అంకెతో హెచ్చవేసి పలక దూరము చూపును. బిగువు సున్నకు దింపి గాలిని తొక్కినను నకరికల్లు నకరికల్లే. తొక్కినవాడు ఎనుబది కిలోల మనిషియా, నలుబది కిలోల మనిషియా యని దానికి తెలియదు; అయినను క్యాలరీలు మాత్రము ఒక్కటియు పొల్లుపోకుండ చెప్పును. ఆ లెక్కను ప్రామిసరీ నోటువలె చేతబట్టుకొని, నకరికల్లు పోయివచ్చిన పుణ్యమునకు ఎన్ని మిరపకాయ బజ్జీలు చెల్లునో సాయంకాలము బండివానియొద్ద తేల్చుకొందురు. నిజమైన లెక్క కొంచెము నిరుత్సాహకరము. సామాన్యుడు గంటసేపు నిలుకడగా నూరు వాట్ల శక్తి చూపగలిగినచో గొప్పయే. అనగా విద్యుత్తు యూనిటులో పదవవంతు. ఆ గంటలో ముందుగదిని చల్లబఱచుటకు వేసిన టన్నున్నర ఏసీ యూనిటు పైచిలుకు త్రాగును.

అట్లని చల్లదనమును నిందింపను. కండరములు ఖర్చుచేయు శక్తిలో పెడలుకు చేరునది నాలుగవవంతునకు మించదు. తక్కినది వేడియై ఒంటిలో మిగులును. రోడ్డుపై పోవువానికి ఎదురుగాలి ఆ వేడిని తీసివేయును. నిలిచిన బండికి గాలి మనమే తేవలెను, అందుచేత ఎదుట ఫ్యాను, ప్రక్కన మంచినీళ్ళు విలాసములు కావు. వేసవి యెండలకు రాష్ట్రమంతట పేరుమోసిన రెంటచింతల మన పల్నాటిలోనిదే గదా! అయినను చెమట యెంత కారిన కొవ్వు అంత కరుగునను మఱియొక సిద్ధాంతముతో, మేడమీది రేకులషెడ్డులో మిట్టమధ్యాహ్నము కిటికీలు మూసి తొక్కు మహానుభావులు కలరు. కారినది నీరు, రెండు చెంబులు త్రాగగానే తరాజు ముల్లు యథాస్థానమునకు వచ్చును. రక్తపోటు, గుండెజబ్బు, చక్కెర గలవారు వైద్యుని అడిగి మొదలుపెట్టవలెననియు, రొమ్ము పట్టినను కన్నులు తిరిగినను తొక్కుట ఆపవలెననియు, మామూలు దినమున గూడ చివరి ఐదు నిమిషములు మెల్లగా తొక్కినగాని దిగరాదనియు ఇట్టివారికి చెప్పబోయినచో, పిడుగురాళ్ళ చేరకుండ దిగుట అపశకునమని యందురు.

ఈ యంత్రము నిన్న పుట్టినది కాదు. 1796లోనే ఫ్రాన్సిస్ లౌండ్సు అను ఆంగ్లేయుడు జిమ్నాస్టికన్ పేరిట చేతులతోను కాళ్ళతోను త్రిప్పు యంత్రమునకు పేటెంటు పొందెను. 1912లో మునిగిన టైటానిక్ నౌకయందును వ్యాయామశాలయు, అందు తొక్కుడు సైకిళ్ళును ఉండెడివి. వానిపై తొక్కిన మైళ్ళు ఒడ్డును దగ్గఱ చేయలేదు. 1973లో స్కైలాబు వ్యోమగాములును తొక్కిరి. వారికి రోడ్డు లేదు, బరువు లేదు; కండలు కరిగిపోకుండ కాపాడుకొనుటకు తొక్కుటయు నొక దారి. మనకో, కోటప్పకొండ మెట్లున్నవి. పాలకడవతో దినదినము ఆ కొండ యెక్కి స్వామిని సేవించిన గొల్లభామ కథ చెప్పుకొనుచు ఘాటురోడ్డున కారులో పైకిపోయి, కారులో దిగివచ్చి, ఇంటికి చేరి, వ్యాయామము చాలలేదని బండి నెక్కువారి భక్తిని నేను శంకింపను. వారి భూగోళజ్ఞానమును శంకింతును.

పోషణమా, స్వల్పము. చెమటలోని ఉప్పు ఇనుమును తినును గనుక దిగినవెంటనే పొడిగుడ్డతో తుడువవలెను. నెలకొకసారి నట్లు, పెడళ్ళు, సీటు బిగువు చూడవలెను. నెలల తరబడి వాడనప్పుడు పలకలోని బ్యాటరీలు తీసివేయకున్న అవి కారి పలకను పాడుచేయును. మేడమీది యెండలో పెట్టిన రబ్బరు బెల్టు పగులును. ఒరపిడి బండ్లలో చక్రమును బిగువుగా పట్టునది ఉన్నిబిళ్ళ. కిఱ్ఱుమన్నదని దానిపై ట్రాక్టరు ఆయిలు పోసినచో, పట్టు పోయి, బిగువుగుండీ యెంత త్రిప్పినను ఆగని చక్రము మిగులును. అయస్కాంతపు బిగువు గలవానిలో ఒరపిడియే లేదు. వానికి గూడ నూనె పోయుచునే యున్నారు.

చివరకు, ఏ పుస్తకములోను వ్రాయని చిక్కొకటి మన యిండ్లలో కలదు. సీటు కమ్మికి వరుసగా రంధ్రములుండుట, ఇంటిలో ఒకరొకరికి ఒక్కొక్క యెత్తు కుదుర్చుకొనుటకు. కాని యింటిపెద్ద యొకసారి కూర్చున్న సీటును దింపుట గాని లేపుట గాని మర్యాద కాదను శాసనము ఎవరు చేసిరో తెలియదు, అది అమలునందున్నది. మామగారి యెత్తున కోడలు వ్రేలాడుచు తొక్కును. అత్తగారు పెడలు అందక కాలివ్రేళ్ళకొనలతో తాకి, ఇది మగవాళ్ళ వస్తువని దిగిపోవును. ఆఱడుగుల మనుమడు సెలవులకు వచ్చి తాతగారి సీటుపై కప్పవలె ముడుచుకొని తొక్కును. సీటును మార్చిన పాపమును ఎవరును నెత్తిన వేసికొనరు. పాలలెక్కయు చాకలిపద్దును గోడపై వ్రాసుకొనుట మనకు తాతలనాటి అలవాటు గనుక, బండి వెనుకగోడపై పెన్సిలుతో నాన్నకు ఇన్నవ రంధ్రము, అమ్మకు ఇన్నవది, కోడలికి ఇన్నవది యని వ్రాసి, ఎక్కువారెల్ల ముందు సీటు మార్చుకొని మఱి యెక్కుడని యొక యింట మనవి చేసితిని. ఇంటిపెద్ద సాంతముగా విని, తల యూపి, లోపలివారితో ఆలోచించి వచ్చి, "మాట బానే ఉంది గానీ బాబాయ్, మొన్ననేగా రంగులేపిచ్చింది, గోడ పాడైపోద్ది" అనెను.